చెరువు పెట్టిన సబ్బు

మదీనాగూడలో బస్సు దిగి ఇంటికి నడుస్తుంటే, మబ్బు పట్టిన సాయంత్రాల్లో చెరువు వైపు నుంచి మురుగు వాసన వస్తుంది. అందులో సబ్బు వాసన కూడా ఉంటుంది. దారిన పోయేవాళ్లు మురుగుకు ముక్కు మూసుకుంటారు. నేను భరించలేనిది ఆ సబ్బు వాసనే.

మాది బట్టలుతికే ఇల్లు. ఆ చెరువు గట్టు మీదే మా చాకిరేవు. నాకు లెక్కలు వచ్చింది బడిలో కాదు, అక్కడే: బట్టల అంచుల మీద జీడిగింజ రసంతో అమ్మ పెట్టిన చుక్కలూ గీతలూ చూసి, ఏ ఇంటివి ఆ ఇంటికి వేరుచేయడం నా పని. ఎండాకాలం తెల్లారకముందే నాయన పెద్ద బానలో చౌడుమట్టి కలిపి తెల్లబట్టలు ఉడకేసేవాడు. వానాకాలం అదే పొయ్యి నిప్పుల మీద మక్కకంకులు కాల్చుకుని, ఆరేసిన చీరల మధ్య దాగుడుమూతలాడి, తడి అంచు మొహానికి తగిలినప్పుడల్లా కేకలు పెట్టేవాళ్లం.

అపార్ట్‌మెంట్లు లేచిన కొత్తలో ఒక పొద్దున నీళ్ల మీద తెల్లటి నురగ కనిపించింది. ఉప్పునీళ్లలో సబ్బు నురగ రాదు, నురగ వస్తే మంచినీళ్లన్నది మా పనివాళ్ల నమ్మకం. నాయన దోసిట్లోకి తీసుకుని మురిసిపోయాడు.

"సూసినవా, చెరువే సబ్బు పెడ్తున్నది మనకు! ఇగ చౌడు బంద్."

"గది యాడికెల్లి వచ్చిందో ఎర్కనా?" అంది అమ్మ.

"యాడికెల్లి వస్తే నీకేందే? ఫికర్ జెయ్యకు, ఉతుకు."

కొన్నాళ్లకే తెల్లబట్టలు పసుపెక్కాయి. అమ్మ వేళ్ల సందులు పుండ్లు పడ్డాయి. మళ్లీ చౌడు వేశారు, నీలిమందు పెంచారు. తెలుపు తిరిగి రాలేదు. ఒకరోజు కొత్త అపార్ట్‌మెంట్లో ఉండే కోస్తా ఆవిడ ఒక పంచె తెచ్చి అమ్మ ముందు పరిచింది.

"ఏమీ అనుకోకు లక్ష్మమ్మా. ఈయనకి ఒళ్లంతా దద్దుర్లు. ఇంక మేం మెషీన్ కొనేసుకుంటాం."

అమ్మ పంచె మడిచి ఇచ్చేసింది. ఆవిడ వెనకే మిగతా ఇళ్లూ మానుకున్నాయి. ఒక దసరాకి నేను వేరుచేయడానికి మా ఇంటి బట్టలు తప్ప ఏమీ మిగల్లేదు.

అమ్మ హౌస్‌కీపింగ్ పనికి పోయింది. నాయన ఇప్పటికీ ఆ అపార్ట్‌మెంటు సెల్లారులో, ఎవరి మెషీన్లోనో ఉతికి వచ్చిన బట్టలు ఇస్త్రీ చేస్తాడు. మేం బట్టలు బాదిన బండలు చెరువును కమ్మిన గుర్రపుడెక్క కింద ఎక్కడో ఉన్నాయి. చెరువు చెడిందని మెషీన్లు కొన్నారు. మెషీన్ల నీళ్లు చెరువులోకే వస్తున్నాయి. ఈ లెక్క ఎటునుంచి వేసినా తెగదు. మా ఇంట్లోనూ ఇప్పుడు మెషీనే ఉంది. దాని పైపూ అటే పోతుంది.