డెన్మార్క్ రాజు బిడ్డలు, మా పంతులమ్మ

మా పంతులమ్మ పోయింది. కామారెడ్డి నుంచి మా ఆయన రాసిన కార్డు మధ్యాహ్నం మోటారు బస్సులో ఎల్లారెడ్డికి వచ్చింది. జబ్బుపడ్డ బాపును చూసుకోవడానికి నేనప్పుడు పుట్టింట్లో ఉన్నాను. కార్డులో రెండే వాక్యాలు. ‘మీ పంతులమ్మ శనివారం పొద్దున చనిపోయింది. ఆదివారం సమాధి చేశారు.’ అది నా చేతికి అందేసరికి బుధవారం. ఆమె లేని లోకంలో నాలుగు రోజులు నేను మామూలుగానే తిన్నాను, బాపుకు గంజి కాచి పోశాను, ఇరుగుపొరుగుతో నవ్వుతూ మాట్లాడాను.

ఆమె గురించి ఏ పత్రికా రాయదు. పెద్ద చదువు చదివిన మనిషి కాదు, పెద్ద ఇంటి మనిషి అంతకన్నా కాదు. కానీ మా ఇంట్లో ఒక ఆడపిల్ల చావులో, ఇంకో ఆడపిల్ల బతుకులో ఆమె మాట ఉంది. బతికిన పిల్లను నేను. అందుకే రాస్తున్నాను.

కలరా గత్తర లేచిన ఒక ఏడాదిలో పంతులమ్మ తల్లీ తండ్రీ ఇద్దరూ పోతే, డెన్మార్క్ దేశం నుంచి వచ్చిన ఒక తెల్ల నర్సమ్మ ఆమెను తన దగ్గర పెట్టుకుని పెంచింది. చదువూ కుట్టూ నేర్పింది. ముసలితనంలో తన దేశానికి తిరిగి వెళ్తూ ఒక రేకు డబ్బా ఇచ్చి పోయింది. అందులో బొమ్మల కార్డులుండేవి. అన్నీ ఆ దేశపు రాజు బిడ్డలవి. పొడుగు గౌన్లు, సన్నటి నడుములు, నవ్వని ముఖాలు. ఆమె ఎల్లారెడ్డికి వచ్చి ఊరి చివర రెండు గదుల ఇంట్లో దిగినప్పుడు ఆమె సామాను ఒక ట్రంకు పెట్టె, ఆ డబ్బా.

ఆడపిల్లలకు బడి పెడతానని ఇల్లిల్లూ తిరిగింది. మా బాపు అరుగు మీద నుంచే, “ఆడివిల్లకు సదువేంది పంతులమ్మా” అన్నాడు.

“సదువు గాదు పటేలా, కుట్టు నేర్పుత. రాజు బిడ్డలే తమ బట్టలు తాము కుట్టుకున్నరు. మన బిడ్డలు కుట్టుకుంటే తప్పేముంది?” అందామె.

ఆ మాటతో బాపు మెత్తబడ్డాడు. అక్కనూ నన్నూ పంపాడు. పలకలు చూస్తే పెద్దలు ఊరుకోరని పాతగుడ్డల మీద ఎర్రదారంతో అక్షరాలు కుట్టించేది. మేము అ ఆలు దారంతో నేర్చుకున్నాం. నాకు ‘ఱ’ కుట్టడం వచ్చేసరికి మూడు వేళ్లకు సూది దిగింది. “సూదికి ముందుగాల దారం గాదు బిడ్డా, ఓపిక ఎక్కించాలె” అనేది. ఆమె వేరే మతం మనిషి కాబట్టి మేము ఇంటికి రాగానే మమ్మల్ని కన్న అవ్వే మా మీద నీళ్లు చల్లి గానీ లోపలికి రానిచ్చేది కాదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. వానాకాలంలో మా తడి జడలు విప్పి తుడుస్తూ, “ఇంటికాడ మల్ల తడుస్తరు గదా” అని మాత్రం అనేది.

చేతులు కుడుతుంటే చెవులు ఖాళీగా ఉంటాయని కథలు చెప్పేది. అన్నీ ఆ కార్డుల్లోని వాళ్లవే. పేర్లు మా నోరు తిరగవని ముగ్గురు అక్కచెల్లెళ్లకు పెద్దామె, నడిపామె, చిన్నామె అని పేర్లు పెట్టింది. తండ్రి రాజు కాకముందు ఆ ముగ్గురూ ఇంటి కప్పు కింద ఒక్క గదిలో పడుకునేవాళ్లట. పెద్దామె ఇంగ్లండుకు కోడలై పోయింది. చెవులు సరిగా వినపడక, తిరుగుబోతు మొగుడి పక్కన నవ్వుతూ నిలబడడం నేర్చుకుంది. చిన్నామెకు పెండ్లి కాకముందే ఒక బిడ్డ పుడితే, ఆ బిడ్డను పొత్తిళ్లలోనే ఎవరికో ఇచ్చేశారని ఆ దేశపు ఆడవాళ్లు వంటింట్లో చెప్పుకునేవాళ్లట. ఇంకా పాతకాలపు ఆమె ఒకతె ఉంది. ఫ్రాన్సు రాజు ఆమెను చేసుకుని తెల్లారే వద్దన్నాడు. సభలో పెద్దలు నీ పెండ్లి చెల్లదంటే, వాళ్ల భాష రాని ఆ పిల్ల తనకు వచ్చిన రెండు మూడు మాటలతోనే ఇది అన్యాయం, మతపెద్ద దగ్గరికి పోతానని ఎదురు చెప్పింది. ఇరవై ఏండ్లు కోటల్లో బందీగా ఉంచినా ఆ మాట మార్చలేదు.

“ఆమెను ముందుగాల అడిగిన్రా పంతులమ్మా, పెండ్లి ఇష్టమేనా అని?” అని అక్క అడిగింది.

“ఎవల్ని అడిగిన్రు బిడ్డా” అని పంతులమ్మ సూదిలోకి దారం ఎక్కించుకుంది.

నడిపామె కథ మాకు అందరికన్నా ఇష్టం. రష్యా చక్రవర్తి పెద్దకొడుకుతో ఆమెకు పెండ్లి నిశ్చయమైంది. పెండ్లికి ముందే అతనికి జబ్బు చేసింది. ఆమె దేశాలు దాటి పోయేసరికి అతను ఆఖరి ఘడియల్లో ఉన్నాడు. ఆమె చేతిని తీసి తమ్ముడి చేతిలో పెట్టి పోయాడంటారు. ఏడాదిన్నర తర్వాత ఆ తమ్ముడినే చేసుకుంది. వాళ్లిద్దరూ బాగా బతికారు, ఆమె మహారాణి అయింది. పంతులమ్మ అక్కడితో ఆపేసేది.

అక్కకు పద్నాలుగో ఏట పెండ్లి నిశ్చయమైంది. బాన్సువాడ దిక్కు, నిజాంసాగర్ కాలువ కింద పొలాలున్న ఇల్లు. పెండ్లి ఇరవై రోజులుందనగా ఆ పెండ్లికొడుకు గత్తర తగిలి పోయాడు. పిల్ల అడుగు మంచిది కాదని ఊళ్లో అనుకోవడం మొదలైంది. పదిహేను రోజులకు ఆ పిల్లవాడి తండ్రి, ముసలాయన, వచ్చి మా అరుగు మీద కూర్చుని, “పెద్దోడు పోయిండు. సిన్నోడున్నడు. ఇచ్చిన మాట ఇచ్చినట్టే ఉండనీ” అన్నాడు.

అవ్వ ససేమిరా అంది. “పీనుగ లేసిన ఇల్లు. ఆ తొవ్వ మనకొద్దు” అని ఏడ్చింది. బాపు ఎటూ తేల్చుకోలేక మూడు రోజులు సరిగా తినలేదు. నాకప్పుడు పదేండ్లు. బాపు కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతుంటే, ఆయన్ను నవ్విద్దామనే అనుకున్నానో ఏమో, నడిపామె కథ మొత్తం చెప్పేశాను. బాపు చెయ్యి ఆగింది. “రాజులింట్ల గిట్ల జరిగిందా?” అని రెండుసార్లు అడిగాడు.

మరునాడు పంతులమ్మ మా వాకిలి ముందు నుంచి పోతుంటే పిలిచి అడిగాడు. ఎందుకు అడుగుతున్నాడో ఆమెకు తెలియదు. కథ మీద ముచ్చట అనుకుంది.

“నిజమే పటేలా. తమ్మున్నే చేసుకున్నది. మంచిగనే బతికిన్రు” అంది.

“రాజులకు తప్పుగానిది మనకేంది” అన్నాడు బాపు. సాయంత్రానికల్లా తాంబూలాలు మారాయి.

విషయం తెలిసి పంతులమ్మ పరుగెత్తుకు వచ్చింది. అప్పటికే బాపు మాట ఇచ్చేశాడు. పెండ్లికి ముందురోజు, ఒంటి మీద పసుపు ఆరని అక్క పెరటి గోడ దగ్గర ఆమెను పట్టుకుంది. నేను పక్కనే ఉన్నాను.

“పంతులమ్మా, నడిపామె ఏడ్చిందా?”

“ఏడ్చింది బిడ్డా.”

“తర్వాత?”

పంతులమ్మ అక్క కొంగు సర్దింది. “తర్వాత నవ్విందట” అంది.

అక్క ఆ మాట మూట కట్టుకుని పోయింది.

మరుసటి ఏడు బతుకమ్మకు ఒక్కసారి వచ్చింది. పూలు పేరుస్తున్న ఆడపిల్లల మధ్య ముసలిదానిలా కూర్చుంది. నాతో కూడా సరిగా మాట్లాడలేదు. నన్ను తోడు తీసుకుని పంతులమ్మ ఇంటికి పోయి, గడప మీద నిలబడి ఒకే ఒక్క మాట అడిగింది.

“నడిపామె మొగడు ఆమెను ‘మా అన్న ఎంగిలి’ అని తిట్టెటోడా?”

పంతులమ్మ చేతిలోని గుడ్డ కింద పడింది. అక్క జవాబు కోసం ఆగలేదు.

నాలుగు నెలలకు కాన్పులో పోయింది. పుట్టింటికి పంపమని అవ్వ రెండుసార్లు మనిషిని తోలినా వాళ్లు పంపలేదు. బిడ్డ కూడా దక్కలేదు. అక్కకు పదిహేనేండ్లు నిండి ఎన్నో రోజులు కాలేదు.

అక్క దినకర్మ అయిన మూడో రోజే ఆ ముసలాయన మళ్లీ వచ్చాడు. ఈసారి నన్ను చూపించి, “పెద్దది పోయె. సిన్నది ఎదుగుతనే ఉన్నది గదా” అన్నాడు. బాపు కాదనలేదు, అవుననలేదు. అవ్వ లోపల నన్ను గట్టిగా పట్టుకుని కూర్చుంది.

ఆ సంగతి ఎవరు చెప్పారో, మరునాడు పొద్దున్నే పంతులమ్మ వచ్చింది. మా ఇంట్లో వాకిలి దాటి రావడానికి ఆమెకు వీల్లేదు. గడ్డివాము పక్కన ఎండలో నిలబడి బాపును పిలిచింది. ఆమె అంత గట్టిగా మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు.

“పటేలా, ఆ కథ నేను సగమే చెప్పిన. మిగిలిన సగం ఇను. ఆ నడిపామె మొగడు నడీడులనే పోయిండు. రాజ్యం తిరగబడ్డది. పెద్దకొడుకును, కోడలిని, నలుగురు మనుమరాండ్లను, ఒక్క మనుమణ్ని, అందర్నీ ఒక్క గదిల నిలబెట్టి కాల్చిన్రు. ఇంకో కొడుకును అడివిల సంపిన్రు. ఇంగ్లండు రాజు ఆమె అక్క కొడుకే. ఆయన ఓడ తోలితే ఈ ముసల్ది బయటవడి పుట్టిన దేశం చేరింది. కొడుకులు సచ్చిన్రంటే నమ్మలే. నా ముంగట వాళ్లకు కర్మ చేసుడు గిట్ల వద్దన్నది. గట్లనే సచ్చింది. రాజు బిడ్డ కథ ఇదీ.”

బాపు అరుగు దిగి నిలబడ్డాడు. “మరి గప్పుడెందుకు చెప్పలే?”

“చిన్నపిల్లలకు చెప్ప మనసొప్పలే. సగం చెప్పిన కథ సగం కాలిన ఇటుక పటేలా, గోడల పెట్టినంక గానీ తెల్వదు. నీ పెద్దబిడ్డను ఆ సగంతోటే సాగనంపిన. నా పాపం అది. ఈ బిడ్డనన్న అడుగు. ఆమె ఏమంటదో అడుగు.”

బాపు భుజం మీది తువ్వాల ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. “పో పంతులమ్మా” అన్నాడు. ఆమె పోయింది. ఆయన నన్ను అడగలేదు, కానీ ఆ ఇంటికి ఇవ్వనూ లేదు. నాకు పదహారేండ్లు వచ్చాక కామారెడ్డి స్టేషన్‌లో తంతి పని చేసే మా ఆయన సంబంధం వచ్చినప్పుడు మాత్రం, నా ముఖం చూడకుండా గోడ వైపు తిరిగి, “నీకు ఇష్టమేనా?” అన్నాడు. మా వంశంలో ఒక ఆడపిల్లను అలా అడగడం అదే మొదలు.

పంతులమ్మకు దక్కింది వేరు. ఆమె నోటి వల్లే పటేలు బిడ్డ చచ్చిందని ఊరు అనుకుంది. నన్ను మాన్పించింది మొదట మా బాపే. నెల తిరిగేసరికి ఆ ఇంట్లో ఒక్క పిల్ల లేదు. ఆమె కొన్నాళ్లు ఖాళీ చాప పరుచుకుని కూర్చుని, చివరికి కామారెడ్డి పోయి రైలు పట్టాల పక్కన ఒక్క గదిలో రవికలు కుట్టుకుంటూ బతికింది.

పెండ్లయి నేను అక్కడికి పోయాక వారానికోసారి ఆమె దగ్గరికి పోయేదాన్ని. ఎంతో సంబరంగా చాయ పెట్టేది. కథ చెప్పమంటే, “కథలు ఒడిసినయి, అయిపోయినయి బిడ్డా” అనేది. నా తప్పు కూడా ఉందని, బాపుకు ఆ కథ చేరవేసింది నేనేనని ఒకరోజు ఏడ్చి చెప్పాను. ఆమె నా చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని, “నువ్వు పదేండ్ల పిల్లవు. నేను గాదు గదా” అంది. ఆ తప్పులోంచి నన్ను ఎత్తి బయట పెట్టింది. తను మాత్రం ఆ మాట నుంచి బయటికి రాలేదు.

యుద్ధంలో జర్మనీ వాళ్లు డెన్మార్క్‌ను పట్టుకున్నాక, ఆ నర్సమ్మ దగ్గర నుంచి ఏడాదికొకటి వచ్చే ఉత్తరం కూడా ఆగిపోయింది. మా ఆయన ఉర్దూ అఖ్‌బారు చదువుతాడని ఆమెకు తెలుసు. నేను పోయినప్పుడల్లా, “ఆ దేశం గురించి ఏమన్న రాసిన్రా?” అని అడిగేది. లేదంటే తలూపి మళ్లీ కుట్టుకునేది. పోయిన ఎండాకాలం నుంచి అడగడం మానేసింది. అన్నం కూడా తగ్గించింది. డాక్టరుకు చూపిద్దామంటే వద్దంది. బాపు జబ్బని నేను ఎల్లారెడ్డి బయలుదేరుతుంటే, “మంచిగ చూసుకో మీ బాపును. ఆయన కూడ బిడ్డను పోగొట్టుకున్నోడే” అంది. అదే ఆఖరి మాట.

కార్డు చదివి వినిపిస్తే బాపు మంచంలో అటు తిరిగి పడుకున్నాడు. కాసేపటికి, “ఆ బడి మూయించింది నేనే” అన్నాడు. మళ్లీ కాసేపటికి, “నువ్వు పోయి నా పేరు మీద గూడ ఇంత మన్ను వేసి రా” అన్నాడు.

పోయాను. సమాధి చుట్టూ కంచె లేదు, పేరు లేదు. వాన పడి ఒక పక్క అప్పుడే కుంగింది. రెండు పిడికిళ్లు మన్ను వేశాను. నాలుగు అక్షరాలు నేర్పిన మనిషికి నాలుగు మాటలు చెప్పాలనుకున్నాను, కుంగిన పక్కకు మన్ను ఎగదోసి వచ్చేశాను.

మరునాడు మోటారులో ఎల్లారెడ్డికి తిరిగి వస్తుంటే దారిలో పెండ్లి బండ్లు ఎదురయ్యాయి. ఎడ్లు బెదురుతాయని డ్రైవరు మోటారు పక్కకు తీసి ఇంజను ఆపేశాడు. డప్పుల వాళ్లు వాయించకుండా డప్పులు భుజాన వేసుకుని నడుస్తున్నారు. మూడో బండిలో పెండ్లికూతురు. తొమ్మిదేండ్లుంటాయేమో. బాసింగం చెవి మీదికి జారిపోయింది. ముసలావిడ ఒడిలో తల పెట్టి నోరు తెరుచుకుని నిద్రపోతోంది. ఒక చెయ్యి బండి బయటికి వేలాడుతూ చక్రం కదిలినప్పుడల్లా ఊగుతోంది. ఆ చేతిలో కొరికిన కొబ్బరిముక్క ఇంకా పట్టుకునే ఉంది. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. బండి నా పక్క నుంచే పోయింది. ఆ పిల్ల లేవలేదు.