ఖర్జూరపు చెట్టుకి దింపు

గోల్ఫ్ అనే ఆటలో తక్కువ లెక్క వచ్చినవాడే గెలుస్తాడు. బంతిని ఎంత తక్కువ దెబ్బల్లో గుంటలో వేస్తే అంత గొప్ప. ఈ సంగతి తెలిసిన రోజున త్రిమూర్తులు తాత మనవలందరూ చాలా బాధపడ్డారు. తక్కువ మార్కులకి కప్పులిచ్చే చోటు ఈ లోకంలో ఒకటుందని వాళ్ళకి ముందుగా ఎవరూ చెప్పలేదు మరి. చెప్పి ఉంటే ఆ ఇంటి అలమరా ఈపాటికి నిండిపోయేది.

తాతకి మాత్రం ఆ ఆటలో తెలిసింది గడ్డి ఒక్కటే. మామిడికుదురు చుట్టుపక్కల కొబ్బరిచెట్లెక్కి దింపు తీసే మనిషి ఆయన. కాయ చూసి కొట్టడం, ఎండుమట్టలు లాగి చెట్టు తలలోని మొవ్వు శుభ్రం చేయడం, దిగడం, మళ్ళీ పక్క చెట్టు. ఖర్జూరపు చెట్లు చూసుకోవాలని చెప్పి ఒక ఏజెంటు ఆయన్ని గల్ఫ్ పంపించాడు. తీరా వెళితే అది గోల్ఫ్ మైదానం. ఖర్జూరపు చెట్లు ఉన్నమాట నిజమే, కానీ వాటికోసం నిచ్చెన బండి ఒకటి ఉంది. మనిషి చెట్టెక్కితే ఇన్సూరెన్సు ఒప్పుకోదన్నారు. తాత చేతికి గడ్డి కోసే మిషను ఇచ్చారు.

మామిడికుదురులో గడ్డి పెరిగితే గేదె తింటుంది. అక్కడ గడ్డిని నీళ్ళు పోసి, ఎరువేసి, పెరగనిచ్చి, పెరిగిందని తిట్టుకుంటూ మర్నాడే కోసేస్తారు. కోసింది ఎవరూ తినరు. ఈ ముక్క తాతకి ఎన్నేళ్ళు చేసినా మింగుడుపడలేదు. తెల్లవారకముందే లేవడం, మంచుతడి మీద మిషను నడపడం, ఇసక గుంటలు గోకడం, ఎండెక్కాక రేకుల షెడ్డులో నడుం వాల్చడం. నడుం వాలుతుంది గానీ అలసట వాలదు. అది మంచం పక్కనే కూర్చుని ఉండి, లేవగానే మళ్ళీ భుజానికెక్కుతుంది.

ఇంటికి వెళ్ళడానికి సెలవు రెండుసార్లు ఖాయమై రెండుసార్లూ పోయింది. మొదటిసారి గడ్డికి తెగులొచ్చింది. రెండోసారి మేనేజరు మారాడు. రెండోసారి పోయిన రోజునుంచీ ఆయన భార్య భూలక్ష్మి ఫోనులో మాట్లాడటం మానేసింది. "ఆరితో నేను మాటాడాల్సింది చాలా ఉంది. మనిషొచ్చేక మాటాడతానని చెప్పు" అని కూతురు యామినితో చెప్పించి, వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత తాత ఎప్పుడు ఫోను చేసినా యామిని స్పీకరు పెట్టేది. వంటింట్లోంచి గిన్నెల చప్పుడు వినిపించేది. గిన్నె గట్టిగా పడితే భూలక్ష్మి ఆరోగ్యంగా ఉన్నట్టు. మెల్లిగా పడితే నడుం నొప్పి. ఆ చప్పుడు కాసేపు విని తాత ఫోను పెట్టేసేవాడు. ఒకసారి ఆవిడ గుడికెళ్ళిన వేళ ఫోనొస్తే, పాపం తాత దిగులు పడతాడని మనవలే రెండు గరిటెలు తీసుకుని వాయించారు. "అది మీ అమ్మమ్మ చెయ్యి కాదర్రా. నా దగ్గరా మీ యేషాలు?" అన్నాడు అటునుంచి.

మూడోసారి సెలవిచ్చింది పెద్ద ఛాంపియన్‌షిప్ జరిగిన ఏడాది. ప్రపంచంలో పేరున్న ఆటగాళ్ళందరూ ఆ మైదానానికి వచ్చారు. ఆట ఆదివారంతో అయిపోతుంది. సోమవారం తాతకి విమానం. ఈ మాట తెచ్చింది సాలమోను. రాజోలు మనిషి, పనివాళ్ళ మీద సూపర్‌వైజరు.

"బాబాయ్, మీకు దణ్ణం పెడతాను. ఆదివారం దాకా, ఆట నడుస్తున్నంతసేపూ, జనం కోసం కట్టిన ఆ తాడు దాటి లోపలికి అడుగెయ్యకండి. టీవీలుంటాయి. గడ్డి కోసేవాళ్ళు టీవీలో కనబడకూడదంటండి."

"గడ్డి కనబడొచ్చా?"

"గడ్డే కదండీ కనబడాల్సింది!"

"అయితే అది దానంతటదే తెగిందనుకుంటారా జనం?"

"అనుకుంటే మీకేటండీ? దాటినోళ్ళకి సెలవు రద్దని మేనేజరు మరీ మరీ చెప్పేడు. రెండుసార్లు పోయింది మీకు. ఇంకోసారి పోతే మా పిన్నిగారు మీకు గిన్నెల చప్పుడు కూడా వినిపించరు."

"ఆయ్" అన్నాడు తాత. అంతకంటే మాట్లాడే ఓపిక లేదు.

ఆ వారమంతా తాత కంటపడిన ఆటగాడు ఒకడే, డెస్మండ్ క్రేల్. నలభై దాటిన మనిషి. టోపీ కింద జుట్టు నెరిసింది. ఎన్నో పెద్ద పోటీల్లో గెలుపు దాకా వచ్చి చివర్లో జారిపోయాడని సాలమోను చెప్పాడు. పొద్దున్నే వచ్చి ఇసకలోంచి బంతులు కొట్టుకునేవాడు. అయ్యాక బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుని, ఒక బూటు విప్పి, తన పాదాన్ని అలా చూసుకుంటూ ఉండిపోయేవాడు. పక్కనే ఇసక గోకుతున్న తాతకి ఆ చూపు తెలుసు. రేకుల షెడ్డులో తనూ అలాగే చూసుకుంటాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసి తలూపుకునేవారు. అంతే స్నేహం.

ఆదివారం ఆట చివరి గుంటకి వచ్చేసరికి క్రేల్ రెండు దెబ్బల ముందున్నాడు. తాత తాడు ఇవతల, పనిముట్ల షెడ్డు నీడలో నిలబడ్డాడు. పెట్టె సర్దేశాడు. ఇంక గంటలు గడవడమే.

క్రేల్ కొట్టాడు. బంతి లేచింది, వంగింది, దారి పక్కనున్న ఖర్జూరపు చెట్టు మొవ్వులో పడింది. మళ్ళీ కింద పడలేదు.

జనం ఓ అని ఆగిపోయారు. చెట్టులో ఉన్నది తన బంతేనని క్రేల్ మూడు నిమిషాల్లో తేల్చుకోలేకపోతే, బంతి పోయినట్టే. వెనక్కి నడిచి మొదట్నుంచీ మళ్ళీ కొట్టాలి. ముందున్న రెండు దెబ్బలూ అక్కడికి సరి. బంతి దొరికితే ఒక్క దెబ్బ నష్టంతో చెట్టు కిందనుంచే ఆడుకోవచ్చు. రిఫరీ దుర్భిణి పెట్టి చూశాడు. మట్టలు తప్ప ఏమీ కనబడలేదు. నిచ్చెన బండి ఎక్కడో అవతల ఉంది. బంట్రోతులా సంచి మోసే కుర్రవాడు చెట్టు మొదలు పట్టుకుని ఊపాడు. ఖర్జూరపు చెట్టు ఊగుతుందా? అందరూ చెట్టు చుట్టూ చేరి, మెడలు విరిచి పైకి చూస్తూ నిలబడ్డారు.

సరిగ్గా అదే కొంప ముంచింది.

కోనసీమలో దింపు తీసేవాణ్ణి నోటితో పిలవరు. వీధిలో అతను వెళుతుంటే, ఇంటావిడ పెరట్లో చెట్టు కింద నిలబడి పైకి చూస్తుంది. అదే పిలుపు. చూసి కూడా ఎక్కకుండా వెళ్ళిపోతే ఆ ఇంటిని అవమానించినట్టు. చిన్నతనం నుంచీ తాత కాళ్ళకి అలవాటైన మర్యాద అది. ఇక్కడ ఒక ఇల్లాలు కాదు, తిరనాళ్ళంత జనం చెట్టు కింద నిలబడి పైకి చూస్తున్నారు. తాత బుర్ర సోమవారం విమానంలో ఉంది. కాళ్ళు మాత్రం తాడు దాటేశాయి.

"బాబాయ్!" అని సాలమోను కేక పెట్టేటప్పటికే తాత చెట్టు మొదట్లో ఉన్నాడు. కోసిన మట్టల మొదళ్ళు మెట్లలాగే ఉన్నాయి. తలకి చుట్టుకున్న తువ్వాలు విప్పి చెట్టు చుట్టూ తిప్పి పట్టుకున్నాడు. మోకాలు కలుక్కుమంది. అయినా ఎక్కాడు. టీవీ కెమెరాలన్నీ గడ్డిని వదిలేసి తాత వీపు మీదికి తిరిగాయి.

పైన చూస్తే, ఎవరెవరో ఎప్పుడెప్పుడో పోగొట్టుకున్న బంతులు మట్టల సందుల్లో ఇరుక్కుని, ఏదో పక్షి గుడ్లు పెట్టినట్టున్నాయి. ఏది ఎవరిదో తాతకేం తెలుసు? దింపంటే దింపే. "కిందోళ్ళు తప్పుకోండోయ్!" అని తెలుగులోనే అరిచి, ఒక్కొక్కటీ తీసి కిందపడేశాడు. భాష రాకపోయినా జనం చక్కగా తప్పుకున్నారు. పైనుంచి ఏదైనా పడుతుందంటే అందరికీ తెలుగు వస్తుంది. ఎక్కినవాడు చెట్టు శుభ్రం చేయకుండా దిగకూడదు కాబట్టి రెండు ఎండుమట్టలు కూడా లాగి వదిలాడు. ఒకటి కెమెరా మనిషి టోపీ పట్టుకుపోయింది.

కింద క్రేల్ మోకాళ్ళ మీద వంగి బంతులు ఏరుతున్నాడు. తన బంతి మీద నీలిసిరాతో రెండు చుక్కలు పెట్టుకుంటాడట. ఆ చుక్కలున్నది దొరికింది. రిఫరీ చూసి, గడియారం చూసి, తలూపాడు.

తాత దిగేసరికి చొక్కా చిరిగింది, గుండెల మీద ముళ్ళ గీతలు. నేల మీద కాలు పెట్టాకే తాను తాడుకి ఏ పక్కనున్నాడో గుర్తొచ్చింది. తాడు దగ్గర సాలమోను రెండు చేతులూ నెత్తిమీద పెట్టుకుని నిలబడ్డాడు. తాత ఎవరి మొహమూ చూడకుండా షెడ్డులోకి వెళ్ళి ఎరువుల బస్తాల మీద పడుకున్నాడు. కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. మూడోసారి, అనుకున్నాడు. భూలక్ష్మి గిన్నెలు గుర్తొచ్చాయి. బయట జనం ఒక్కసారి హోరున అరిచారు. క్రేల్ ఒక్క దెబ్బ తేడాతో గెలిచాడు.

సాలమోను పరుగున వచ్చాడు. "లేవండి బాబాయ్, మేనేజరు రమ్మంటున్నాడు. మొహం కడుక్కోండి. తిట్టడానికి కాదండీ, నవ్వుతున్నాడు!"

గుంట చుట్టూ కెమెరాలు. కప్పు పట్టుకుని క్రేల్. మేనేజరు తాత భుజమ్మీద చెయ్యి వేసి ఏదో గడగడా మాట్లాడాడు. సాలమోను సంతోషంగా చెప్పాడు: "అదృష్టం పట్టింది బాబాయ్! వారమంతా మీకు ఫోటోలంట. వచ్చే నెల సన్మానమంట. చెట్టెక్కే మనిషని మిమ్మల్ని అందరికీ చూపిస్తారంట. సెలవు ఆ తర్వాత ఇస్తాడంట."

తిట్టి ఉంటే పనిలోంచి తీసేసేవారు, ఇంటికి పోయేవాడు. మెచ్చుకున్నారు కాబట్టి ఉంచేస్తున్నారు. తాత ఆ చేతిని భుజమ్మీంచి మెల్లిగా తీసేసి, నున్నటి పచ్చగడ్డి మీద, ఆ గుంట పక్కనే, చతికిలబడ్డాడు. బూటుకాళ్ళతో కూడా ఆచితూచి నడిచే చోటు అది. ఆ పొద్దున గడ్డి కోసింది ఆయనే.

"బాబాయ్, లేవండి. అక్కడ కూచోకూడదు" అన్నాడు సాలమోను పళ్ళ మధ్యనుంచి.

"లేవను."

"టీవీ బాబాయ్!"

"చూడనీ. గడ్డి కోసేవోడు ఎలా ఉంటాడో చూడనీ. నాకు ఒళ్ళు అలిసిపోయింది సాలమోనూ. నేను ఇంటికెళతాను."

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. క్రేల్ మాత్రం కాసేపు నిలబడి చూసి, తనూ వచ్చి తాత పక్కన కూలబడ్డాడు. కప్పు గడ్డి మీద పెట్టి, ఒక బూటు విప్పుకున్నాడు. ఈ పెద్దాయన ఏమంటున్నాడని అడిగాడు. అన్ని కెమెరాల ముందు అబద్ధం చెప్పే ధైర్యం సాలమోనుకి లేకపోయింది. చెమటలు తుడుచుకుంటూ ఉన్నదున్నట్టు చెప్పాడు. రెండుసార్లు సెలవు పోవడం, ఫోనులో మాట్లాడని భార్య, సోమవారం విమానం.

"నాకూ ఇంటికే వెళ్ళాలనుంది" అన్నాడు క్రేల్. "ఈయన్ని పంపిస్తామని చెబితే లేస్తాను. లేదంటే ఈ గడ్డి మెత్తగానే ఉంది."

మేనేజరు మళ్ళీ నవ్వాడు. ఈసారి పళ్ళు మాత్రమే నవ్వాయి. సోమవారమే పంపిస్తానని కెమెరాల వైపు తిరిగి చెప్పాడు. అప్పుడు లేద్దామంటే ఇద్దరికీ మోకాళ్ళు పట్టేశాయి. సాలమోను చెరో చెయ్యీ పట్టుకుని లాగాల్సి వచ్చింది.

తాత ఇంటికొచ్చేసరికి యామిని, మనవలు, వీధిలోవాళ్ళు గుమ్మంలోనే చుట్టేశారు. టీవీలో ఆయన వీపు చూశామన్నారు. క్రేల్ ఇచ్చిన బంతిని చేతులు మార్చి మార్చి చూశారు. (ఆ బంతి మర్నాడే కాలవలో పడింది. ఎవరు పడేశారన్నది ఇక్కడ అనవసరం.) భూలక్ష్మి మంచినీళ్ళ చెంబు తెచ్చి అందించింది. మాట్లాడలేదు. చొక్కా సందులోంచి గుండెల మీది ముళ్ళ గీతల్ని ఒకసారి చూసి, పెరట్లోకి వెళ్ళిపోయింది.

తాత వెనకే వెళ్ళాడు. ఆవిడ కొబ్బరిచెట్టు కింద నిలబడి పైకి చూస్తోంది. మూడేళ్ళుగా దింపు సరిగ్గా లేక ఎండుమట్టలు వేలాడుతున్నాయి. ఎవరిదో చెట్టెక్కి వచ్చాడుగా, సొంత పెరడు మిగిలిపోయింది. తాత పంచె పైకి కట్టాడు, తువ్వాలు చెట్టు చుట్టూ తిప్పాడు, నొప్పి లేని కాలు ముందు పెట్టాడు. రెండో కాలు లేవడానికి కొంచెం టైము తీసుకుంది.

వెనకనుంచి చొక్కా పట్టుకుని లాగింది భూలక్ష్మి.

"చాలు, దిగండి. ఎక్కుతారో ఎక్కరో చూద్దారనుకున్నాను, అంతే. కాళ్ళు కడుక్కుని రండి, అన్నం చల్లారిపోతోంది. నేను మీతో మాటాడాల్సింది చాలా ఉంది."

"ఆయ్" అన్నాడు తాత.