తీర్పు చెప్పని కరీముద్దీన్

కరీముద్దీన్ దేన్నైనా ముల్తవి వేసేవాడు. ముల్తవి అంటే వాయిదా. వాళ్ల నాయన తాండూరు మున్సిఫ్ కోర్టులో బంట్రోతు కావడంతో, కొడుకు అమ్మ ఒడిలోనే ఆ మాట నేర్చుకున్నాడు. స్నానం బేస్తవారానికి ముల్తవి. తలకు నూనె ఈదు పండుగకు ముల్తవి. పళ్లెంలో సగం రొట్టె మిగిలిందేమని అడిగితే, "రాత్రి పేషీకి పెట్టిన" అనేవాడు.

ఇలాంటివాణ్ణి జడ్జిని చేశారు.

అది 1955. వికారాబాద్‌లో అతను చదివే మగపిల్లల బోర్డింగు బడికి హెడ్మాస్టరు మత్తయ్య సారు. పిల్లలు తమను తామే ఏలుకోవాలని ఆయన ముచ్చట. తోటకొక మంత్రి, శుభ్రతకొక మంత్రి, తగవులకు శనివారం కోర్టు. కోర్టు మాటలు తెలిసినవాడు ఒక్కడే కాబట్టి ఓట్లన్నీ కరీముద్దీన్‌కే పడ్డాయి. నవాబుపేట నుంచి వచ్చిన బీరయ్య దస్తూరి గుండ్రంగా ఉంటుందని అతన్ని పేష్కారును చేశారు. కేసులు పిలవడం, రాయడం అతని పని.

బీరయ్యకు ఇంకో పని కూడా ఉండేది. రోజూ ఏదో ఒక వంకతో హెడ్మాస్టరు గది ముందు నుంచి నడవడం. అక్కడ అద్దాల బీరువాలో ఒక ఇత్తడి బిళ్ళ ఉంది. బాగా పనిచేసిన శాఖకు వార్షికోత్సవం నాడు దాన్ని ఇస్తారు. అది కోర్టు శాఖకు దక్కాలంటే పది తీర్పులు కావాలి. తమ ఇంట్లో గొర్రెల మెడకు తప్ప మనుషులకెవరికీ బిళ్ళ లేదు. అది తన చొక్కాకు ఉంటే ఎట్లుంటదని బీరయ్య ఎన్నిసార్లు అనుకున్నాడో. పిన్నీసు తెమ్మని తల్లి మైసమ్మకు దసరా సెలవుల్లోనే చెప్పి వచ్చాడు.

మొదటి కేసు జామకాయది.

"ముద్దాయి జామకాయ తెంపిండా?" అన్నాడు జడ్జి.

"తెంపిండు హుజూర్," అన్నాడు పేష్కారు.

"యాడుంది ఆ కాయ?"

"తిన్నడు గద."

"సాక్ష్యం లేకుంట తీర్పు ఎట్ల ఇస్త? ముల్తవి."

రెండోది తెలుగు సారు గొడుగులో తొండను పెట్టిన కేసు. తొండను హాజరుపరచమన్నాడు. పిల్లలు గంటసేపు వెతికి పట్టుకొచ్చారు. కరీముద్దీన్ దాన్ని అటూ ఇటూ చూసి, "ఇది గా తొండనే అని ఎవరు గుర్తుపడ్తరు?" అన్నాడు. ముల్తవి. ఒక శనివారం గాలి ఎక్కువుందని, ఇంకో శనివారం పేష్కారు తుమ్మిండని ముల్తవి. సంక్రాంతి దాటేసరికి కేసులు పదకొండు, తీర్పులు సున్నా. అవతల తోట మంత్రి టమాటలు బుట్టలకొద్దీ కోస్తున్నాడు.

పదకొండోది ఈరయ్య కేసు. దౌల్తాబాద్ పిల్లవాడు. తండ్రికి కాలు విరిగితే, ఎవరికీ చెప్పకుండా ఊరికి పోయి, పందొమ్మిది రోజులు గొర్రెలు కాసి వచ్చాడు. ఇందులో సాక్షి అక్కర్లేదు, ముద్దాయే ఒప్పుకున్నాడు. ఇదొక్కటన్నా తెగుతుందని బీరయ్య కలం మూత తీసి పట్టుకున్నాడు.

"గొర్రెలెన్ని?" అని అడిగాడు జడ్జి.

"నలభై ఉంటయి."

"సరిగ్గ లెక్కపెట్టుకొని రా. ముల్తవి."

బీరయ్యకు తిక్కరేగింది. నేరుగా మత్తయ్య సారు దగ్గరికి పోయాడు.

"సార్, కరీం మా కోర్టును ఖరాబు చేస్తుండు. ఒక్క తీర్పు చెప్తలేడు."

సారు రూల్సు పుస్తకం తీసి చేతికిచ్చాడు. "ఏడోది చదువు."

ఆ పుస్తకం అట్ట మీద పేరు రాసింది బీరయ్యే. లోపల మాత్రం ఎప్పుడూ చూడలేదు. గట్టిగా చదివాడు. "కోర్టులో కేసు ఉండగా పిల్లవానిని ఎవరూ కొట్టరాదు. బోర్డింగులో పేరు తీసివేయరాదు."

"ఎనిమిదోది."

"చెప్పకుండా పదిహేను రోజులు పోయినవాని పేరు తీసివేయవలెను." ఈ మాటలకు బీరయ్య గొంతు తగ్గిపోయింది.

సారు కరీముద్దీన్‌ను పిలిపించాడు. "ఏమిరా, పదకొండు కేసుల్లో ఒక్కదానికీ నీకు తీర్పు తోచలేదా?"

"అన్నిటికి తెలుసు సార్," అన్నాడు కరీముద్దీన్ నేల చూస్తూ. "అందుకే చెప్పలే. పదిమందికి వార్డెన్ సార్ బెత్తం. ఈరయ్య ఇంటికి. అబద్ధం చెప్పొద్దు, నిజం చెప్తే వాని సదువు పోతది."

మత్తయ్య సారు బీరయ్య చేతిలోని రూల్సు పుస్తకం తీసుకుని మూశాడు. "వచ్చే శనివారమే ఆఖరి కోర్టు. అప్పటికి మిగిలిన కేసులు ఏడాదితో పాటే రద్దు. మీ ఇష్టం," అని పంపేశాడు.

బయటికొచ్చాక బీరయ్య అడిగాడు. "నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు రాస్తవ్. నీ దస్తూరి మంచిగుంటది, అందరు చదువుతరు." కరీముద్దీన్ బీరువా వైపు చూసి అన్నాడు. "నీకు గా బిళ్ళ మీద ఎంత ఆశనో నాకు ఎరుకే బీరయ్యా. ఈరయ్యది వదిలెయ్. మిగిలిన పది కేసులు తేలుస్త. బెత్తమే గద, పిల్లలు ఓర్చుకుంటరు. జర సోచాయించి చెప్పు."

బీరయ్య వారమంతా బీరువా ముందు నుంచే నడిచాడు. శనివారం వచ్చింది. జడ్జి స్టూలెక్కి కూర్చుని పేష్కారు వైపు చూశాడు. ముద్దాయిలు పదకొండుమందీ వరుసగా నిలబడ్డారు. అందరికంటే చిన్నవాడు, తొండవాడు, అప్పుడే అరచేతులు చంకల్లో దాచుకున్నాడు.

బీరయ్య లేచాడు. "హుజూర్, ఇయ్యాల కలంల సిరా లేదు."

కరీముద్దీన్ ముఖమంతా నవ్వు పరుచుకుంది. "ముల్తవి," అంటూ స్టూలు దిగాడు.

వార్షికోత్సవం నాడు బిళ్ళ టమాటలకు పోయింది. మైసమ్మ పిన్నీసుతో వచ్చింది. "ఏది కొడుకా?" అని అడిగితే, "ఈ యేడు రాలేదమ్మా," అన్నాడు. ఆమె అతని చిరిగిన జేబుకు పిన్నీసు పెట్టి, చెట్టు కింద సద్ది విప్పింది.

తర్వాత కరీముద్దీన్ గుల్బర్గా వైపు మేనమామ దగ్గరికి పోయాడు. ఉత్తరం రాస్తానన్నాడు, రాయలేదు. బీరయ్య తాండూరులో పంతులయ్యాడు. తన బడిలోనూ శనివారం కోర్టు పెట్టాడు. పిల్లలు చురుకైనవాళ్లు, పది నిమిషాల్లో తీర్పులు చెప్పేసేవాళ్లు. వాళ్లను చూసినప్పుడల్లా అతనికి ఆ స్టూలు, ఆ తొండ, సిరా నిండుగా ఉన్న ఆ కలం గుర్తొచ్చి, మధ్యాహ్నమంతా మనసు వికారాబాద్‌లోనే ఉండిపోయేది.

1964లో ఒకరోజు తాండూరు స్టేషన్లో ఎవరో భుజం తట్టారు. ఈరయ్య. పశువుల దవాఖానలో కాంపౌండరు అయ్యాడట, కొత్త ఖాకీ చొక్కాలో ఉన్నాడు.

"పేష్కారు సాబ్, నా కేసు ఏమైంది?"

"గొర్రెల లెక్క తెచ్చినవా?"

"నలభై రెండు."

ఇద్దరూ కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వారు. గుల్బర్గా వైపు నుంచి బండి వచ్చి ఆగింది. ఎక్కాల్సిన పని ఇద్దరికీ లేదు. అయినా దిగేవాళ్లనొక్కొక్కరినీ చూస్తూ, బండి కదిలేదాకా అక్కడే నిలబడ్డారు.