ఐదు వందల అరవై గజాలు

దెయ్యాలు, గాలి సోకడం లాంటివి నేను ఎప్పుడూ నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పలేను. సివిల్ ఇంజనీరింగ్ చదివాను. ఏది కొలిచినా రెండోసారి చూడనిదే నాకు నిలకడ ఉండదు. బాబు పుట్టాక ఆ అలవాటు ఇంకా ముదిరింది. వాడి జ్వరం మందు సిరంజిలోకి తీసి, లైటు కింద పెట్టి మూడుసార్లు చూస్తాను.

వాడు ఇప్పుడే పడుకున్నాడు. మర్చిపోకముందే ఇది రాసి పెట్టాలి.

మేముండేది నేపర్‌విల్‌లో. పక్కింటి డేల్ గారు రిటైరయ్యారు, చిన్నప్పటి నుంచి వేటాడిన మనిషి. మా ఆయన చైతన్యకి రైఫిల్ నేర్పింది ఆయనే. రెండేళ్లు కాగితాల మీద గురి చూశాక, కిందటేడు జింకల సీజన్‌లో మా ఇద్దరినీ వయోమింగ్ కొండల్లోకి తీసుకెళ్లారు. బాబుని మా ఆడపడుచు దగ్గర వదిలాను. వాడిని వదిలి ఉండటం అదే మొదటిసారి.

దూరపు గురికి ఒక పద్ధతి ఉంది. కాల్చే మనిషి నేల మీద పడుకుని ఉంటే, పక్కనున్న మనిషి దూరం కొలిచి అంకె చెప్పాలి. కాల్చే మనిషి ఆ అంకెని తిరిగి పలికి, రైఫిల్‌కి బిగించిన దుర్భిణి, అంటే స్కోప్ మీదున్న డయల్‌ని దానికి తగ్గట్టు తిప్పుకోవాలి. దూరం పోయేకొద్దీ తూటా కిందికి వాలుతుంది కాబట్టి అంకె తప్పితే గురి తప్పుతుంది. కొలతల పిచ్చి ఉందని ఆ పని నాకిచ్చారు.

రెండో రోజు పొద్దున, ఎదురుగా ఉన్న వాలు మీద ఒంటరి మగజింక కనిపించింది. అడ్డంగా నిలబడి ఉంది, కదలడం లేదు.

"దాని వెనక ఏముందో చూశారా?" అన్నారు డేల్ గారు. ముగ్గురం చూశాం. ఎండిన గడ్డి, ఆ వెనక మట్టి కొండ. అంతే.

దూరం కొలిచే రేంజ్‌ఫైండర్ కంటికి ఆనించి మీట నొక్కాను. 560. పక్కనే గజాలకు గుర్తుగా చిన్న వై అక్షరం. మళ్లీ నొక్కాను. 560. మూడోసారీ అదే.

ఆత్రంలో తెలుగులో చెప్పేశాను. "ఐదు వందల అరవై."

"ఐదు వందల అరవై," అంటూ చైతన్య డయల్ తిప్పాడు.

"మీరిద్దరూ ఆ భాషలోకి దిగితే ఇక నేను ఇంటికెళ్లి పడుకోవచ్చు," అని గొణిగారు డేల్ గారు. నవ్వాపుకున్నాం. ఆయనకి ఇంగ్లిష్‌లో చెప్పాలని మా ఇద్దరికీ తోచలేదు.

చైతన్య కాల్చాడు. జింక కాళ్ల ముందు దుమ్ము లేచింది. జింక పారిపోయింది. అది నిలబడిన చోటుకి సరిగ్గా వెనక ఒక పాప నిలబడి ఉంది.

ఆరేడేళ్లుంటాయి. గడ్డి రంగు కోటు వేసుకుంది. మరుక్షణం పెద్ద చెయ్యి ఒకటి పాపని కిందికి లాగేసింది.

మేం అక్కడికి నడిచి వెళ్లాం. మాకు కనపడని పల్లం ఒకటి అక్కడుంది. ఆ భూమి ఆసామి కూతుర్ని వెంటబెట్టుకుని అందులో కంచె తీగ బిగిస్తున్నాడు. జింకని చూడాలని పాప లేచి నిలబడిందట. తుపాకి చప్పుడు ఆ తర్వాతే వినిపించిందట. ఆయన కేకలు వేయలేదు. పాపని తన వెనక్కి జరిపి, కాల్చిందెవరని అడిగాడు. చైతన్య చెయ్యెత్తాడు.

"మిస్సయ్యారా?" అంది పాప, తండ్రి పక్క నుంచి తొంగి చూసి.

"అవును," అన్నాను.

"మంచిదైంది. అది నా జింక."

తిరిగి వస్తుంటే డేల్ గారు అడిగారు. "ఎంత చెప్పావు, అమ్మాయ్?"

"ఫైవ్ సిక్స్‌టీ."

ఆయన ఆగిపోయారు. "ఆరు వందలు దాటుతుందని నేను చూడగానే అనుకున్నాను. నువ్వు చెప్పింది అర్థమై ఉంటే దిద్దేవాణ్ణి."



నేను మళ్లీ కొలవకుండా ఉండలేకపోయాను. చైతన్యని జింక అడుగుజాడల దగ్గరికి పంపి, మేం పడుకున్న చోటు నుంచి చూశాను. 612 గజాలు. ఆరుసార్లు చూశాను, ఆరుసార్లూ అదే. ముందున్న పొదని కొలిచి ఉంటావన్నాడు చైతన్య. ఆ పొద 480. మధ్యలో ఇంకేమీ లేదు.

మోటెల్‌కి వచ్చాక లెక్క వేశాను. 560 మీటర్లంటే దాదాపు 612 గజాలు. అంటే అంకె ఒప్పే, కొలమానం వేరు. కానీ ఆ పరికరాన్ని మీటర్లలోకి మార్చాలంటే మీట నొక్కి పట్టుకుని మెనూలోకి వెళ్లాలి. ఎవరం వెళ్లలేదు. వై అక్షరాన్ని నేను మూడుసార్లు చూశాను. తయారీదారుకి పంపితే ఏ లోపమూ లేదని తిప్పి పంపారు.

లోపముందని రాసి ఉంటే నిశ్చింతగా ఉండేదాన్ని. నేను సరైన అంకె చెప్పి ఉంటే తూటా జింకలోంచి దూసుకుపోయి వెనక ఎవరికి తగిలేదో నాకు తెలుసు. తప్పు అంకె నా కంటికి ఎలా కనపడిందో మాత్రం తెలియదు. ఎవరికి దండం పెట్టాలో కూడా తెలియదు.

ఆ పాప పేరైనా అడిగి ఉండాల్సింది.