మా బావ ఎడమ చెవి

మా అక్క మొగుడికి ఒక సెలూన్, రెండు చెవులు ఉన్నాయి. ఎడమ చెవి చిన్నప్పుడే జ్వరంలో పోయిందని చెప్పేవాడు, ఊరంతా నమ్మేది. అందుకే బావ ఆ చెవి తమవైపు ఉంచి కత్తెర ఆడిస్తున్నప్పుడు కుర్చీలో కూర్చున్నవాళ్ళు పక్కవాళ్ళతో ఇంటి గుట్టంతా విప్పేసేవాళ్ళు. ఎవరి సంబంధం చెడిందో, ఎవరి ఉద్యోగం ఊడిందో అందరికంటే ముందు బావకే తెలిసేది. నీకెలా తెలుసని అడిగితే "జుట్టు చూస్తే చెప్పేస్తాను" అనేవాడు. దాన్నీ నమ్మిన వెర్రివాళ్ళలో నేనూ ఉన్నాను.

ఇంట్లో ఆ చెవి మరీ అక్కరకొచ్చేది. అక్క ఏ పని చెప్పినా ఆయనకు వినబడేది కాదు. పాపం ఆవిడ కుడివైపుకు మారి కూర్చుంటే ఈయన మళ్ళీ ఎడమ చెవే అటు తిప్పేవాడు. ఒళ్ళు మండినప్పుడు మాత్రం ఆవిడ ఎడమవైపే చేరి, వినడన్న ధీమాతో కసితీరా తిట్టుకునేది.

అలాంటి మనిషికి ఎడమ చెంపలో నొప్పి పట్టుకుంది. గాలి తగిలినా, పళ్ళు తోముకున్నా కరెంటు షాకు కొట్టినట్టు ప్రాణాలు తోడేసేది. అందరికీ గడ్డం గీసే మనిషి తన గడ్డం సగమే గీసుకోగలిగేవాడు. అద్దంలో ఆ వాలకం చూసి "నాకూ ఇలాగే చేస్తావా ఏంటి?" అని కుర్చీలోంచి లేచిపోయినవాళ్ళున్నారు. కొన్నాళ్ళకు మందులు పనిచేయడం మానేశాయి. ఆపరేషన్ తప్పదన్నారు.

డాక్టరమ్మ ఓపిగ్గా వివరించింది. ముఖానికి వెళ్ళే నరాన్ని ఒక రక్తనాళం నొక్కుతోంది, రెండింటికీ మధ్య చిన్న మెత్త పెడతారు. చిక్కల్లా వినికిడి నరం ఆ పక్కనే ఉండటం. అది దెబ్బతింటే చెవి పోతుంది. అందుకని ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ చెవిలో టిక్కు టిక్కుమని శబ్దం పెట్టి, అది మెదడుకు అందుతోందో లేదో మిషన్ మీద గీతల్లో చూస్తుంటారు. గీత తగ్గిందని మిషన్ చూసే అమ్మాయి చెప్పగానే డాక్టర్ చెయ్యి ఆపుతుంది.

"మీకా బెంగ లేదు లెండి," అందావిడ. "ఆ చెవి ఎప్పుడో పోయిందని చెప్పారుగా. దానికి కాపలా ఎందుకు?"

బావ అక్క వైపు చూశాడు, నా వైపు చూశాడు, పైన ఫ్యాన్ వైపు చూశాడు. చెబితే కాపురం మండిపోతుంది. చెప్పకపోతే అబద్ధం కాస్తా నిజమైపోతుంది.

"కొంచెం వినబడుతుందండి," అన్నాడు చివరికి.

"కొంచెమంటే ఎంత?"

"ఇందాక తలుపవతల మీరు నర్సుతో 'ఆ సగం గడ్డం ఆయన్ని చివర్లో పంపు, నవ్వాపుకోలేను' అన్నారు చూడండి, అంత."

డాక్టరమ్మ ముఖం ఎర్రబడింది. అక్క ముఖం పాలిపోయింది.

"అయితే ఇన్నాళ్ళూ నేనన్నవన్నీ విన్నారా?"

"విన్నానే."

"అన్నీనా?"

"మా పెద్దక్కని దయ్యమన్నది కూడా." నేల చూపులు చూస్తూ అన్నాడు, "నాకు జబ్బు చేసినప్పుడు, నిద్రపోయాననుకుని నువ్వు ఏడుస్తూ అన్నది కూడా."

అక్క లేచి బయటికి వెళ్ళిపోయింది. ఆపరేషన్ దాకా ఆయనతో పలకలేదు. కానీ మిషన్ చూసే అమ్మాయిని మాత్రం వరండాలో పట్టుకుని "గీత కాస్త వంగినా గట్టిగా అరువమ్మా, డాక్టరని మొహమాటపడకు" అని ప్రాణం తీసింది.

ఆపరేషన్ బాగా జరిగింది. మధ్యలో గీత ఒకసారి తగ్గిందట, అమ్మాయి అరిచిందట, డాక్టర్ ఆగిందట, గీత మళ్ళీ లేచిందట. బావ పూర్తిగా తెలివిలోకి వచ్చాక అక్క పక్కన కూర్చుని, ఆయన కుడి చెవిని అరచేత్తో మూసి, ఎడమ చెవి దగ్గరికి వంగి పెదాలు కదిపింది.

"ఏమన్నావే?"

ఆవిడ మళ్ళీ కదిపింది.

"పోయింది! నా చెవి పోయింది!" బావ గొల్లుమన్నాడు. ఎడమ చెంప మీద కన్నీళ్ళు అరచేత్తో తుడుచుకుంటున్నాడు, నొప్పి లేదన్న సంగతైనా గమనించలేదు.

"ఏమీ పోలేదు," అంది అక్క పైకే. "ఊరికే పెదాలు కదిపాను. ఎలా ఉంది? ఆ చెవి దగ్గర ఎంత మాట్లాడినా జవాబు రాకపోతే నాకూ అలాగే ఉండేది."

నేను నవ్వబోయి ఆగిపోయాను. బావ మెల్లగా, కట్టు కదలకుండా, ఎడమ చెవి ఆవిడ వైపు తిప్పాడు.

"చెప్పు, వింటాను."

అక్క మొదలుపెట్టింది. నర్సు వచ్చి ఇక బయటికి వెళ్ళాలన్నా ఆపలేదు.