ఒంటిచేతి తలుపుబండి

మా మరిది సంఘంలో చేరిన రోజు నాకు బాగా గుర్తుంది. ఎందుకంటే మా ఇంటాయన కుడికాలి బొటనవేలు పచ్చడైంది కూడా ఆ రోజే. మాది నర్మెట్ట దగ్గర ఒక ఊరు. అన్నదమ్ములిద్దరూ వడ్లపని, అంటే వడ్రంగం, చేసేవారు. అప్పట్లో మా వైపు తలుపులకు ఇనుప బందులు ఉండేవి కావు. తలుపు రెక్కకే పైన ఒక కొన, కింద ఒక కొన చెక్కి వదిలేవారు. పై కొన దర్వాజ పైకమ్మిలోను, కింది కొన గడపలోను తొలిచిన గుంటల్లో కూర్చుని తిరిగేవి. అందుకని తలుపు ఎక్కించడం ఇద్దరి పని. ఒకరు బరువంతా ఎత్తి పట్టుకోవాలి, ఇంకొకరు నేల మీద కూర్చుని కొనను గుంటలోకి నడిపించాలి. ఎత్తేది మా మరిది, కూర్చునేది మా ఆయన.

ఆ రోజు ఒక రైతు ఇంట్లో తలుపు ఎక్కిస్తుంటే వీధిలోంచి సంఘం వాళ్ళు వెళ్తున్నారట. దొరకు ఇక వెట్టి చేసేది లేదని అరుస్తున్నారట. మా మరిది మెడ తిప్పి చూశాడు, కాసేపు విన్నాడు, రెండు చేతులూ వదిలేసి వాళ్ళ వెంట వెళ్ళిపోయాడు. తలుపు మా ఆయన కాలి మీదికి దిగింది.

"ప్రజల కోసం పోయిండట" అన్నాడు ఆయన, నేను పసుపు పెట్టి కట్టు కడుతుంటే. "నేను ప్రజల్ల లేనా?"

ఆయనకు కోపం వస్తే తొందరగా పోదు. తమ్ముడు దళంతో అడవుల్లో తిరుగుతుంటే ఊరంతా గొప్పగా చెప్పుకునేది. మా ఇంట్లో మాత్రం ఆ పేరు ఎత్తకూడదు. తన తలుపును ఇక ఇంకో మనిషి ముట్టకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. సాయానికి వచ్చిన వాళ్ళను కూడా వద్దన్నాడు. పని మాత్రం ఆగిపోయింది. ఒక్క మనిషి రెండు చేతులతో తలుపు ఎత్తుతాడా, కూర్చుని కొన నడిపిస్తాడా? ఆ మాట నేను అన్నందుకే ఆ బండి పుట్టింది.

తుమ్మ చెక్కతో రెండు చిన్న చక్రాలు. వాటి మీద పొట్టి పీట. పీట మీద నిలువుగా ఒక గుంజ, తలుపును ఆనించి తోలు పట్టీతో బిగించడానికి. వెనక పొడుగాటి మీట. తలుపును బండి మీద పెట్టుకుని గడప దాకా నెట్టుకుపోవాలి, అక్కడ మీటను కాలితో తొక్కితే తలుపు బెత్తెడు లేస్తుంది, చేతులు రెండూ ఖాళీగా ఉంటాయి. ఆయన లెక్క అది. చేసినన్నాళ్ళూ ఇంట్లో ఉన్న ప్రతి వస్తువునూ దాని మీద ఎత్తి చూశాడు. మంచం ఎత్తాడు, విసుర్రాయి ఎత్తాడు. ఒకనాడు నన్నే ఎక్కి నిలబడమని బెత్తెడు లేపి, ఎట్లున్నది అని అడిగాడు. దింపమన్నాను. దింపే ఉపాయం ఇంకా ఆలోచించలేదన్నాడు.

మొదటిసారి నిజం తలుపు కట్టి వీధిలోకి తెచ్చినప్పుడు పిల్లాజెల్లా అంతా చేరారు. మా వీధి కొంచెం వాలు. ఆయన పట్టీ బిగించి వెనక్కి తిరిగి మీట అందుకునేలోపే బండి తలుపుతో సహా కదిలింది. ఎవరినీ గుద్దకుండా, తొందరపడకుండా వెళ్ళి, వీధి చివర సాలాయన గుమ్మానికి అడ్డంగా నిలబడింది. సాలాయన మగ్గం ముందు నుంచి లేచి వచ్చి తలుపును ఎగాదిగా చూశాడు.

"మా ఇంటికి తలుపున్నదన్నా" అన్నాడు ఎంతో మర్యాదగా.

ఆ మాట ఊరంతా పాకింది. మా ఆయన ఎదురైతే చాలు, "అన్నా, మా ఇంటికి తలుపున్నదే" అనేవారు. నేనూ నవ్వాను. నవ్వినందుకు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. వాలు లేని చోట పెడితే మీట జారేది, మీట నిలిస్తే పట్టీ ఊడేది. నిజం చెప్పాలంటే ఆ బండి ఒక్క తలుపును కూడా సరిగ్గా ఎక్కించింది లేదు. ఆయన మాత్రం దాన్ని సానబెడుతూనే ఉన్నాడు.

ఇంతలో యూనియన్ మిలిట్రీ వచ్చింది. మా దొర అంతకుముందే హైదరాబాదు పారిపోయాడు. ఆ దొర ఉండే కోటలాంటి ఇంటికి, గడికి, ఉన్న తలుపులను జనం ఎప్పుడో ఊడదీశారు. ఆ బోసి గడిలో పోలీసు క్యాంపు పెట్టారు. ఊళ్ళోకి దళం వాళ్ళు రావడం తగ్గింది. కానీ మా మరిది ఒక మధ్యాహ్నం పెరటి దారిన వచ్చాడు. "వదినా, జర పచ్చిపులుసు పొయ్యి, తిని పోత" అన్నాడు. నేను కాపురానికి వచ్చేనాటికి వాడు ముక్కు చీదుకోవడం రాని పిల్లవాడు. ఆ ముక్కు తుడిచి పెంచింది నేనే. చింతపండు పిసుకుతుండగానే పోలీసులు పెరట్లోకి వచ్చారు. వాణ్ణి రెక్కలు విరిచి పట్టుకుపోతుంటే పులుసు చేతులతో అట్లాగే నిలబడ్డాను.

మర్నాడు పొద్దుటే వరంగల్ పంపుతారని తెలిసింది. వరంగల్‌కు బయలుదేరిన వాళ్ళలో కొందరు వరంగల్ చేరలేదని అప్పటికే ఊళ్ళో గుసగుసలు. ఆ సాయంత్రం లోపలే మా ఇంటికి కబురు వచ్చింది. గడిలో ధాన్యం పోసే కొట్టుకు తలుపు ఎక్కించాలి, ఖైదీని అందులో పెడతాం, పనిముట్లతో రమ్మన్నారు.

మా ఆయన బండి బయటికి తీశాడు. నేను సద్ది మూట పట్టుకుని వెనక నడిచాను. దారి పొడుగునా తిట్టాను. తోడబుట్టినోణ్ణి పెట్టే కొట్టుకు తలుపు పెట్టే మనిషివి నువ్వేం మనిషివని అడిగాను. ఆయన బండి నెడుతూనే ఉన్నాడు.

గడి పశువుల కొట్టంలో పాత తలుపు ఒకటి దొరికింది. ఒంటి రెక్క, టేకుది, దొర ఇంటి బరువు. మా మరిదిని స్తంభానికి కట్టేసి ఉంచారు. అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. మా ఆయన ముందు తలుపు కొనలను చాలాసేపు చెక్కాడు. తర్వాత తలుపును బండి మీద పెట్టి నెట్టాడు. క్యాంపు జమేదార్ చిత్రంగా చూస్తూ దగ్గరికి వచ్చాడు.

"ఏందిది?"

"తలుపుబండి సార్. ఒక్క మనిషే తలుపు ఎక్కియ్యొచ్చు."

మీట తొక్కాడు. తలుపు కొంచెం లేచి వంకరపోయింది. ఒక చక్రం ఊడి దొర్లుకుంటూ సిపాయిల మధ్యకు పోయింది. వాళ్ళు పడీపడీ నవ్వారు. జమేదార్ కళ్ళు తుడుచుకుని, ఇది ఇక అయ్యే పని కాదని, వాడూ అదే పనివాడు గనుక కట్టు విప్పి మా మరిదినే పట్టుకోమన్నాడు. అట్లా ఆ ఇద్దరూ చాలా కాలానికి ఒక తలుపుకు అటూ ఇటూ నిలబడ్డారు.

"లేపు."

"లేపిన."

"ఇంకింత. ఈసారి ఇడిసిపెట్టకు."

"ఇడువ."

"కింది కొన పొట్టిగ జేసిన. బెత్తెడు లేస్తే సాలు."

సిపాయిలకు అది పనివాళ్ళ మాట. నాకూ అంతే. తలుపు కూర్చుంది. మా మరిదిని లోపలికి తోశారు. మా ఆయన ఊడిన చక్రాన్ని ఏరి బండి మీద పడేసి, దీన్ని ఎవరు మోస్తారు, రేపు వచ్చి తీసుకుపోతానని నసిగాడు. జమేదార్ దాన్ని కాలితో కొట్టులోకి తన్ని, నీ తమ్ముడికి తోడుగా ఉంటదిలే అన్నాడు. గొళ్ళెం బయట పెట్టారు.

తిరిగి వస్తుంటే నాకు ఏడుపు ఆగలేదు. గడి మలుపు దాటాక ఆయన నెమ్మదిగా అన్నాడు. "చక్రం ఇరగలేదే. చీల నేనే పీకిన. చీల వాని చేతుల వెట్టిన."

నడక ఆపేశాను. తలుపు లోపలికి తెరుచుకుంటుంది. కొనలున్నది లోపలి వైపే. చీల పెట్టి చక్రం తగిలించుకుని, బండితో బెత్తెడు లేపితే, పొట్టి చేసిన కింది కొన గుంటలోంచి బయటికి వస్తుంది. అప్పుడు బయటి గొళ్ళెం గొళ్ళెంగానే ఉంటుంది, తలుపు మాత్రం ఉండదు.

"మరి గది పనిజేస్తదా?" అని అడిగాను.

ఆయనకూ తెలియదు. అంతకు ముందు ఒక్కసారి చేసి ఉంటేగా.

తెల్లవారాక క్యాంపులో కేకలు వినిపించాయి. తలుపు గోడకు ఆనించి ఉంది. పక్కనే బండి. మా మరిది లేడు. దేవుడి పటం లేక పొయ్యికే దండం పెట్టుకున్నాను. అంతలోనే ఊళ్ళో మగవాళ్ళందరినీ గడికి రమ్మన్నారు. మా ఆయనను ముందు నిలబెట్టారు.

"నీ బండి ఒక్క మనిషే తలుపు లేపుతదన్నవు గదా" అన్నాడు జమేదార్.

"గది ఉత్త కట్టె సార్. దేనికీ పనికిరాదు" అన్నాడు మా ఆయన. ఆ మాట అనడం ఆయనకు ఎంత కష్టమో నాకు తెలుసు. కావాలంటే ఊరిని అడగమన్నాడు.

ఊరిని అడగడమే ఆలస్యం. ఇన్నాళ్ళూ ఎగతాళి చేసిన నోళ్ళన్నీ సాక్ష్యానికి లేచాయి. మీట జారడం ఒకరు చెప్పారు, పట్టీ ఊడటం ఒకరు చెప్పారు. సాలాయన తన గుమ్మానికి తలుపు వచ్చిన కథ అంతా చెప్పి, "మా ఇంటికి తలుపున్నదన్నా అన్న సార్" అని ముగించాడు. జమేదార్‌కు ఇంకా అనుమానం తీరలేదు. ఎక్కించి చూపించమన్నాడు. మా ఆయన బండి తెచ్చి, అందరి ముందు మీట తొక్కి, తలుపును చక్కగా తన ఎడమకాలి మీదికి జారవిడుచుకున్నాడు. అంత నేర్పుగా ఆయన ఏ పనీ చేసి ఎరగడు. దళం వాళ్ళు నలుగురైనా వచ్చి తలుపు ఊడదీసి ఉంటారని చివరికి క్యాంపు నమ్మింది. బండిని పొయ్యిలో పెట్టారు.

పోరాటం ఆగిపోయిన తర్వాత గాని మా మరిది ఇంటికి రాలేదు. కాళేశ్వరం వైపు అడవుల్లో తిరిగి తిరిగి కట్టెపుల్లయి, గడ్డంతో వాకిట్లో నిలబడితే నేను గుర్తుపట్టలేదు. మా ఆయన గుర్తుపట్టాడు. బాగున్నవా అనలేదు, లోపలికి రమ్మనలేదు.

"లేసిందారా?" అన్నాడు.

"లేసిందన్నా. తొక్కంగనే లేసింది. ఒక్కన్నే దింపిన."

మా ఆయన వాడి చెయ్యి పట్టుకుని వీధిలోకి లాక్కుపోయాడు. నీళ్ళన్నా తాగనియ్యమని నేను వెనకనుంచి మొత్తుకున్నాను, వినలేదు. మొదట సాలాయన ఇంటి ముందు నిలబెట్టి, "చెప్పరా, మల్ల చెప్పు" అన్నాడు. తర్వాత పక్కిల్లు, దాని పక్కిల్లు. ప్రతి గుమ్మం ముందూ మా మరిది అదే మాట చెప్తున్నాడు, మా ఆయన కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. బండి గొప్ప చెప్పుకుంటున్నాడని ఊరు నవ్వింది. ఆయన అందరికీ చూపించుకుంటున్నది తమ్ముణ్ణి. వీధి చివరి దాకా పోయి వచ్చారు, అంతసేపూ ఆ చెయ్యి వదల్లేదు.