కొబ్బరి మీద పన్ను

మా స్కూలు కరస్పాండెంటు గారిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. రాజమండ్రిలో హాస్టలుతో సహా నడిచే ప్రైవేటు స్కూలు అది. దాని యజమాని ఆయన, అందులో సోషల్ టీచర్ని నేను. నాది టెంపరరీ ఉద్యోగం. మా ఆయన పనిచేసే మిల్లు మూతపడి ఆయన ఇంట్లో కూర్చున్నారు. నా జీతమే ఇంటికి ఆధారం. ఈ సంగతి కరస్పాండెంటు గారికి బాగా తెలుసు. తెలిసిన దగ్గర్నుంచి నన్ను చూసి నవ్వే తీరు కూడా మారింది.

"స్కూల్ డేకి మంచి దేశభక్తి నాటకం వేయించండి మేడం గారూ. ఎమ్మెల్యే గారు వస్తున్నారు. బాగా కుదిరిందంటే మిమ్మల్ని పర్మనెంటు చేసేద్దాం" అన్నారు ఓ రోజు. నాటకానికీ ఉద్యోగానికీ ఏం సంబంధమని అడిగే స్థితిలో నేను లేను.

రంప పితూరీ మీద రాశాను. కోరుకొండ దాటి ఇంకా పైకి వెళితే కనబడే ఆ కొండల్లోనే, నూరేళ్ళకు పైమాటే, కొండజనం తెల్లవాళ్ళ మీద తిరగబడ్డారు. మా పిల్లలు పరీక్షల్లో దీని కారణాలను పాయింట్లుగా రాసి మార్కులు తెచ్చుకునేవారు. ఒక్కరికీ ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. నాటకంలోనైనా అర్థమవ్వాలని నా పట్టుదల. మొదటి కారణం కల్లు. కొండవాళ్ళు తమ ఇంటికోసం గీసుకునే జీలుగు చెట్ల కల్లు మీద సర్కారు పన్ను వేసి, దాన్ని వసూలు చేసే కాంట్రాక్టు కింది ఊళ్ళవాళ్ళకు ఇచ్చింది. తిండిగింజలు అయిపోయిన నెలల్లో ఆ కల్లే వాళ్ళకు కడుపు నింపేది. రెండోది అడవి. అడవి నరికి పోడు సాగు చేసుకోవద్దని, కట్టె ముట్టుకోవద్దని ఆంక్షలు, వాటి వెనకాలే పోలీసుల దౌర్జన్యం. మూడో కారణం వ్యాపారులు. కింది నుంచి కొండెక్కిన వ్యాపారులు అప్పులిచ్చి, రాజమండ్రి కోర్టులో డిక్రీలు తెచ్చుకుని, కొండవాళ్ళ పశువుల్నీ పంటనీ పట్టుకుపోయారు. కింది నుంచి అంటే ఎక్కడినుంచో కాదు, మన ఊళ్ళనుంచే.

రిహార్సలు చూడ్డానికి కరస్పాండెంటు గారు వచ్చారు. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె కొండ నాయకురాలి వేషంలో "మా కల్లు మీద పన్నేంటి?" అని గర్జించేసరికి చెయ్యెత్తి ఆపేశారు.

"కల్లేంటండీ? ఆడపిల్ల చేత, స్టేజీ మీద! మద్యనిషేధం నడుస్తోంది, ఎమ్మెల్యే గారు ముందు వరసలో కూర్చుంటారు!"

మద్యనిషేధం మీద ఆయనకున్న గౌరవం చూస్తే నాకు నవ్వాగలేదు. ప్రతి శనివారం సాయంత్రం ఆయన కారు యానాం వైపు ఎందుకు వెళుతుందో హాస్టలు వంటమనిషితో సహా అందరికీ తెలుసు. యానాం మన రాష్ట్రం కిందికి రాదు, అక్కడ మన నిషేధం వర్తించదు.

"మరి పన్ను దేని మీద వేశారని చెప్పమంటారండీ?" అన్నాను.

ఆయన కాసేపు ఆలోచించి, "కొబ్బరి నీళ్ళు పెట్టేయండి" అన్నారు.

"ఆ కొండల్లో కొబ్బరి తోటలెక్కడివండీ?"

"ఎవరికి తెలుస్తుందండీ! మన హాస్టలు పిల్లల్లో సగం మంది కోనసీమ వాళ్ళేగా. కొబ్బరంటే పేరెంట్సు కూడా ముచ్చట పడతారు."

అంతటితో వదల్లేదు. వ్యాపారుల సీను పూర్తిగా తీసేయమన్నారు. స్కూలు కొత్త బిల్డింగుకి చందాలిచ్చిందే వ్యాపారస్తులట. వాళ్ళ మనసు నొచ్చుకుంటుందట. "ఇంగ్లీషోడు చెడ్డోడు, మనవాళ్ళు మంచోళ్ళు. అంతేగా మేడం గారూ మన దేశభక్తి" అని వాచీ చూసుకుని లేచారు. తిరుగుబాటు అలాగే మిగిలింది, దానికి కారణాలే పోయాయి. మొహానికి పౌడరు దట్టించుకున్న తెల్లదొర ఒకడు, కొబ్బరి బొండాం పట్టుకున్న పిల్ల ఒకతె మిగిలారు. ఆ రాత్రి డైలాగులు తిరగరాస్తూ ఆయన్ని తిట్టని తిట్టు లేదు.

స్కూల్ డే నాడు గ్రౌండంతా షామియానాలు. కోనసీమ నుంచి తల్లిదండ్రులు బస్సులు దిగి గుంపులుగా వచ్చారు. ఆ ఏడు కొబ్బరికాయ రేటు మరీ పడిపోయింది. చెట్టెక్కి కాయ దింపే కూలి కూడా గిట్టడం లేదని వాళ్ళు మండిపడుతున్న రోజులు. ఈ సంగతి నాకు తెలుసు, కరస్పాండెంటు గారికీ తెలుసు. కానీ నాటకంలోకి కొబ్బరి తెచ్చిపెడితే ఏమవుతుందో ఆయనకు తట్టలేదు. నాకూ తట్టలేదు.

నాటకం మొదలైంది. దొర కొరడా ఝళిపించాడు. నాయకురాలి వేషం అమ్మాయి బొండాం నెత్తిమీదికెత్తి, "మా చెట్టు, మా కాయ! మీకెందుకు కట్టాలిరా పన్ను?" అంది. నేను రాసింది అంతవరకే.

వెనక వరసల్లో ఒకాయన లేచి నిలబడ్డాడు. "అద్దీ! బాగా అడిగావమ్మా! మా కాయని అడిగే నాథుడేడీ?" అని అరిచాడు. చప్పట్లు. ఇంకో ఇద్దరు లేచారు. "ఎమ్మెల్యే గారూ, వినబడుతోందాండీ? ఓట్లకొచ్చినప్పుడు ఏం చెప్పారండీ మీరు?" చూస్తుండగానే వెనక సగం మంది నిలబడ్డారు. ఎమ్మెల్యే మొహం ఎర్రబడింది. ఆయన వెంట వచ్చినవాళ్ళు కుర్చీలు తోసుకుంటూ లేచారు. స్టేజీ మీద దొర వేషం పిల్లవాడు కొరడా కింద పడేసి ఏడుపు మొదలుపెట్టాడు.

నిజం చెబుతున్నాను, ఆ నిమిషంలో నాకు ఒళ్ళు పులకరించింది. నూరేళ్ళ కింద కొండల్లో ఇలాగే లేచి ఉంటారు కదా అనుకున్నాను.

కరస్పాండెంటు గారు తెర పక్కనున్న నా దగ్గరికి పరిగెత్తుకొచ్చారు. చెమటకి చొక్కా వీపుకి అతుక్కుపోయింది. "ఏం చేశారండీ మీరు!" అన్నారు. నేను చేశానట! "వెళ్ళి మైకులో చెప్పండి. అది కొబ్బరి కాదు, కల్లు, ఎప్పటిదో పాత కథ అని చెప్పండి. లేదంటే రేపటినుంచి స్కూలుకి రావక్కర్లేదు."

కల్లన్న మాట పలకొద్దన్న మనిషి కల్లని చెప్పమని నన్ను బతిమాలుతున్నాడు. ఉద్యోగం కోసం వెళ్ళానా, నా కారణాలు నాకు తిరిగి దొరుకుతున్నాయని వెళ్ళానా అంటే రెండూ నిజమే. మైకు అందుకున్నాను.

"అయ్యా, అమ్మా, కాస్త వినండి. ఇది రంప కొండల్లో జరిగిన కథ. పన్ను వేసింది కొబ్బరి మీద కాదండీ. కొండవాళ్ళు గీసుకునే జీలుగు కల్లు మీద..."

జనంలో ఎవరో "ఓస్, కల్లు గోలా!" అన్నారు. అంతే, షామియానా అంతా ఘొల్లుమంది. మొదట లేచి అరిచినాయన కూడా కడుపు పట్టుకుని నవ్వుతూ కూర్చున్నాడు. ఎమ్మెల్యే గారు జేబురుమాలుతో మొహం తుడుచుకుని తానూ నవ్వారు. ఆ కల్లు వాళ్ళకు అన్నమని, అది లేక పిల్లలు పస్తులున్నారని గట్టిగా చెబుతూనే ఉన్నాను. నవ్వు తగ్గలేదు. "మూడో కారణం, మన ఊళ్ళనుంచి వెళ్ళిన..." అని ఎత్తుకున్నానో లేదో, కరస్పాండెంటు గారు నా చేతిలోంచి మైకు లాగేసుకుని జాతీయగీతం అందుకున్నారు. అందరూ లేచి నిలబడ్డారు. నేనూ నిలబడ్డాను.

జనం కదిలాక ఆయన చేతులు నలుపుకుంటూ వచ్చారు. "మీ కల్లే కాపాడిందండీ ఇవాళ మనల్ని. ఎమ్మెల్యే గారు ఒకటే నవ్వు! వచ్చే నెలనుంచి మీరు పర్మనెంటు" అన్నారు. ఆ మొహాన్ని చెప్పు తీసుకుని కొట్టాలనిపించింది. "థాంక్సండీ" అన్నాను.

గేటు దగ్గర ఆ వెనక వరసాయన ఎదురయ్యాడు. మా ఎనిమిదో తరగతి పిల్ల తండ్రే. చాలా మర్యాదగా చేతులు జోడించాడు.

"మేడం గారూ, ఇంతకీ మన కొబ్బరి మీద ఏం పన్నూ లేదు కదండీ?"

"లేదండీ. పన్ను వేసింది వాళ్ళ తిండి మీద. ఆ పన్ను వసూలు చేసింది మన కింది ఊళ్ళవాళ్ళు" అన్నాను.

"ఆయ్, హమ్మయ్య! ఊరికే కంగారు పెట్టేశారండీ" అని, కూతురి చెయ్యి పట్టుకుని బస్సు వైపు వెళ్ళిపోయాడు. నా రెండో మాట ఆయన చెవిన పడనే లేదు.

ఇంటికొచ్చి, ఉద్యోగం ఖాయమైందని మా ఆయనకు చెప్పాను. చెబుతూ చెబుతూ ఏడుపొచ్చేసింది. సంతోషం పట్టలేక ఏడుస్తున్నానని ఆయన నా వీపు నిమిరారు.